మాట ఇనవడ్తుంది గదా

కొత్త ఫోను ఇంటికి రాగానే మా అత్త దానికి బొట్టు పెట్టింది. మా ఇంట్లో ఏ వస్తువు వచ్చినా అంతే. మా ఆయన సైకిలుకు పెట్టింది, మిక్సీకి పెట్టింది, నేను బీడీలకు తునికాకు కత్తిరించే కత్తెరకు కూడా పెట్టింది. బొట్టు పెట్టని వస్తువు ఇంట్లో నిలవదని ఆమె నమ్మకం. పసుపుకు మాకు కొదవ లేదు. మా ఆయన మెట్‌పల్లి పసుపు యార్డులో హమాలీ పని చేస్తాడు, ఆయన అంగీ దులిపితేనే ఒక పూజకు సరిపడా రాలుతుంది. ఫోనును పీట మీద పెట్టి, వెనకవైపు పసుపు రాసి, మీద కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టింది మా అత్త. నీళ్లు ఫోను మీద పడకుండా నేను కొంగు అడ్డం పెట్టాను. కొంగు తడిసింది. అది నాకు బాగా గుర్తు, ఎందుకంటే తర్వాత ఆ సంగతి చాలామందికి చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ ఫోను నా కోసం కాదు. మా చెల్లెలి కోసం కొన్నాం.

మా చెల్లెలికి పుట్టుకతోనే చెవులు వినపడవు. వినపడదు కాబట్టి మాట కూడా రాలేదు. నేను నాలుగో తరగతి దాకా పోయి బీడీల చాట ముందు కూర్చున్నాను, ఆమె ఆ మాత్రం కూడా పోలేదు. అలాంటి పిల్లలకు వేరే బడి ఉంటుందని మా అవ్వకు గానీ బాపుకు గానీ చెప్పినవాళ్లు లేరు. అందుకని ఇంట్లోనే చేతులతో ఒక భాష తయారైంది. అవ్వ అంటే ముక్కుపుల్ల ఉన్న చోట వేలు. బాపు అంటే భుజం మీద తువ్వాల సర్దుకోవడం. నేనంటే బొటనవేలితో చూపుడువేలి మీద చుట్టడం, బీడీ చుట్టినట్టు. అంగడి రోజుకు ఒక గుర్తు, అబద్ధానికి ఒకటి, ఎవరికీ చెప్పకు అనడానికి ఒకటి. పెరిగేకొద్దీ ఆ గుర్తులూ పెరిగాయి. కథలు చెప్పుకునేవాళ్లం, వాడకట్టులో ఒక్కొక్కరి నడకను వెక్కిరించుకునేవాళ్లం, అలిగేవాళ్లం, తిట్టుకునేవాళ్లం. ఆ భాష మొత్తం మా ముగ్గురికే వచ్చు, అవ్వకు, నాకు, ఆమెకు. బాపు సగం సగం. అవ్వ పోయాక ఇద్దరం మిగిలాం.

ఆమెను ఇచ్చోడలో ఇచ్చాం. మరిది, అంటే ఆమె మొగుడు, పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. మంచి మనిషే. కొట్టడు, తిట్టడు, తాగడు. కానీ ఆయనకు వచ్చిన గుర్తులు నాలుగే. తిను, రా, పడుకో, పైసలు. సంసారానికి ఆ నాలుగు చాలనుకున్నాడు. వాళ్ల అమ్మకు అవి కూడా రావు. ఆమె నోరు పెద్దగా తెరిచి మాట్లాడితే మా చెల్లెలికి అర్థమవుతుందనుకుంటుంది.

ఫోన్లలో మొహాలు కనబడడం మొదలైన తర్వాత మాకు పండగే అయింది. రోజూ మధ్యాహ్నం ఆమె నాకు చేసేది. నేను ఫోనును తంబాకు డబ్బాకు ఆనించి పెట్టుకునేదాన్ని. అందరు ఆడవాళ్లూ ఫోను మాట్లాడుతూనే బీడీలు చేస్తారు, చెవికి చేతులతో పని లేదు కాబట్టి. నాకు అది కుదరదు. ఆమెతో మాట్లాడాలంటే చాట పక్కన పెట్టాల్సిందే. మా అత్త మొదట్లో గొణిగింది, తర్వాత అలవాటు పడింది. ఆమె పాత ఫోను ఒకరోజు బట్టల బకెట్‌లో పడి చచ్చిపోయింది. మరిది దగ్గర ఉన్నది నొక్కుడు బటన్ల ఫోను. అందుకే మేం కరీంనగర్ పోయి, నా పేరు మీద బిల్లు రాయించి, కొత్తది కొన్నాం. బొట్టు ఆరిన తర్వాత ఇచ్చోడ పోయి నా చేతులతో ఇచ్చి వచ్చాను.

మెట్‌పల్లికి తిరిగొచ్చిన మర్నాడే మొదటి ఫోను వచ్చింది. మొహం బాగా కనబడింది, పాతదానికంటే తెల్లగా. ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో తెర నల్లబడింది. టవర్ అందలేదేమో అనుకున్నాను. మళ్లీ చేసింది, మళ్లీ మధ్యలో నల్లబడింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. వాళ్ల డాబా మీదికి ఎక్కి చూసింది, హైవే పక్కకు పోయి చూసింది. కాసేపు బాగానే ఉంటుంది, ఫోను వెనక వేడెక్కుతుంది, అంతే. బొమ్మ పోతుంది, చప్పుడు మాత్రం పోదు. లారీల హారన్లు, కోళ్లు, వాళ్ల అత్త కేకలు, అన్నీ నాకు చక్కగా వినపడేవి. మా చెల్లె మాత్రం ఉండదు.

మామూలు మనుషులకు మాట తెగిపోతే ఎక్కడ తెగిందో తెలుస్తుంది, "ఏమన్నవ్, మల్ల చెప్పు" అంటారు. ఆమెకు, నేను ఎంతవరకు చూశానో తెలియదు. మళ్లీ మొదటి నుంచి చెప్పేది, మళ్లీ అక్కడే తెగేది. రెండు మూడు వారాలు అట్లా పడ్డాక చెప్పడమే మానేసింది. ఫోను చేస్తుంది, "తిన్నవా" అంటుంది, "తిన్న" అంటాను, చెయ్యి ఊపుతుంది, పెట్టేస్తుంది. తెర నల్లబడేలోపే తనే ముగించేది. అది చూసి నాకు భయమేసింది. ఆ ఇంట్లో ఆమెకు మాట్లాడడానికి ఇంకెవరూ లేరు.

ఫోను తెప్పించుకుని కరీంనగర్ దుకాణానికి పోయాను. దుకాణదారు సాయిబు, పెద్దమనిషి, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి నీళ్లు ఇప్పించాడు. సంగతి విని ఆ ఫోను నుంచి తన ఫోనుకు చేసి, చెవిలో పెట్టుకుని, "హలో, హలో" అన్నాడు.

"సూడు చెల్లె. మాట సాఫ్ ఇనవడ్తుంది గదా," అన్నాడు.

"మాట ఇనవడ్తుంది భాయ్. ఇనెటోళ్లే లేరు. నా చెల్లెకు చెవులు లెవ్వు. ఆమెకు బొమ్మ గావాలె."

ఆయన మొహం కొంచెం మారింది. పాపం అనుకున్నాడని తెలుస్తూనే ఉంది. "అయితే వీడియో తక్కువ సేపు చెయ్యమను. జర గరమ్ కాంగనే బంద్ పెట్టి, సల్లారినంక మల్ల చెయ్యమను," అన్నాడు.

"మీ ఇంటామెతోని అట్లనే మాట్లాడుతవా భాయ్? జర గరమ్ కాంగనే బంద్ పెడ్తవా?"

ఆయన నవ్వాడు. "నేను కాదు, ఆమె పెడ్తది," అన్నాడు. మరి ఆయన చేతిలో ఏముంది, అమ్మడం వరకే ఆయన పని అట, రిపేరు సంగతి కంపెనీది. సర్వీస్ సెంటర్ చిరునామా రాసిచ్చాడు.

సర్వీస్ సెంటర్‌లో చలి గది. టోకెన్ ఇచ్చారు. నా వంతు వచ్చేసరికి పొద్దు వంగింది. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి ఫోను లోపలికి పంపింది, కాసేపటికి తిరిగొచ్చింది. సిమ్ పెట్టే సందు తెరిచి, టార్చి వేసి నాకు చూపించింది. లోపల ఎర్రగా ఉంది.

"అక్కా, ఇది తెల్లగ ఉండాలె. ఎర్రగైందంటే తడి తాకినట్టు. వాటర్ డ్యామేజ్. వారంటీ రాదు."

"అది తడి కాదమ్మా, కుంకుమ. మా అత్త బొట్టు పెట్టింది."

ఆమె నా మొహం చూసింది, ఫోను చూసింది, కంప్యూటర్ చూసింది. "సిస్టంల కుంకుమ అనే ఆప్షన్ లేదక్కా. తడి అన్న ఉండాలె, పగిలింది అన్న ఉండాలె," అంది. వెక్కిరింపుగా అనలేదు. పొద్దటి నుంచి నిలబడి ఆ పిల్ల కూడా అలిసిపోయి ఉంది.

ఇంటికి వచ్చి చెబితే మా అత్త అంతా విని, "బొట్టు పెడ్తేనే గిట్లైంది. పెట్టకపోతే ఇంకెట్లయ్యేదో," అంది. ఆమెతో వాదించే ఓపిక నాకు లేకపోయింది.

మా వాడకట్టులో నాతో పాటు బీడీలు చేసే ఒక ముస్లిం అక్క ఉంది, ఆపా అని పిలుస్తాం. ఆమె తమ్ముడు ఒకసారి కూలర్ విషయంలో కన్జ్యూమర్ కోర్టుకు పోయి గెలిచాడు. వినియోగదారుల కమిషన్ అని దాని అసలు పేరు, మేం కోర్టు అనే అంటాం. నేను ఫోనును డబ్బాలో పెట్టి, ఇక ఇంతే అనుకుంటున్న రోజున ఆపా ఆకు నానబెట్టుకుంటూ అంది.

"ఫికర్ జెయ్యకు చెల్లె. వకీలు అక్కర్లే. నీ అంతట నువ్వే ఎయ్యొచ్చు. కానీ ముందుగాల సర్వీస్ సెంటర్ల అన్నమాట కాగితం మీద రాయించుకో. నోటితోని అన్నది గాలికి పోతది."

"రాసియ్యం అంటే?"

"రాసియ్యం అన్నదే రాసియ్యమను."

"దుకానాయన మంచోడు ఆపా. ఆయన మీద ఎట్ల ఎయ్యాలె?"

"మంచోడే. పైసల్ ఎవల చేతిల పెట్టినవ్? ఆయన చేతిల్నే గదా. ఆయన మీద ఎయ్యాలె, కంపెనీ మీద ఎయ్యాలె. ఇద్దరు మాట్లాడుకుంటరు. మంచోళ్లు మంచోళ్లు అనుకుంట మనం ఇండ్ల కూసుంటే అయిపాయె."

ఆపా చెప్పినట్టే చేశాను. సర్వీస్ సెంటర్ వాళ్లు కాగితం ఇచ్చారు, తడి తగిలింది, వారంటీ వర్తించదు అని. బిల్లు, ఆ కాగితం, జిరాక్సులు పట్టుకుని కరీంనగర్ పోయాను. ఫిర్యాదు ఎట్లా రాయాలో అక్కడి కమిషన్ ఆఫీసులో ఒకాయన చెప్పాడు. జరిగింది జరిగినట్టు రాయమన్నాడు. నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది, అయినా రాశాను. ఇంత చిన్న కేసుకు ఫీజు కూడా ఉండదని చెప్పాడు. పైసా తీసుకోకుండా ఆఫీసువాళ్లు కాగితం తీసుకోవడం నేను చూడడం నా జన్మలో అదే మొదలు. నాకు నమ్మకం కుదరక బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోయి అడిగాను.

తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. ఒకసారి కంపెనీకి నోటీసు అందలేదన్నారు. ఒకసారి వకీలు రాలేదు. ఒకసారి తీర్పు చెప్పే మేడం సెలవు. ఒకసారి జవాబు కాగితం వేయడానికి గడువు అడిగారు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి గానీ, లేకుంటే ఆ కేసు ఎప్పుడో వదిలేసేదాన్ని. టికెట్ లేకపోయినా సీటు ఉండాలి కదా. జగిత్యాల దాకా నిలబడి పోవడం, అక్కడ సీటు దొరికితే కరీంనగర్ దాకా కునుకు, వాయిదా, మళ్లీ బస్సు. పోయిన రోజు బీడీలు లేవు. కమిషన్ వరండాలో నా లాంటివాళ్లు చాలామంది. ఒకాయన మోటారు కోసం, ఒకామె విత్తనాల కోసం, ఇంకొకాయన దేని కోసమో మర్చిపోయానని నవ్వుతూ చెప్పాడు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో కాగితాలు. దుకాణాయన కూడా వాయిదాకు వచ్చి నా పక్కనే కూర్చునేవాడు. మొదటిసారి మొహం తిప్పుకున్నాడు. తర్వాత తర్వాత చాయ్ తెప్పించినప్పుడు నాకూ చెప్పేవాడు.

"దుకాన్ బంద్ వెట్టి వస్తున్న చెల్లె. నువ్వు నన్ను మస్తు పరేషాన్ చేస్తున్నవ్," అనేవాడు.

"నేను పని బంద్ వెట్టి వస్తున్న భాయ్. నాకేం సంబురమా."

"కాదనుకో," అనేవాడు. ఇద్దరం చాయ్ తాగేవాళ్లం.

అన్ని నెలలూ ఫోను నా దగ్గరే, మూట కట్టి ఉంది. మా చెల్లెలికి ఏమీ లేదు. పక్కింటి పిల్లను అడిగి ఒకసారి చేసింది, ఆ పిల్ల తన వెనకే నిలబడి నవ్వుతుంటే పెట్టేసింది. మళ్లీ అడగలేదు. మధ్యలో వీలు చూసుకుని, ఆర్మూర్‌లో ఒక బస్సు, నిర్మల్‌లో ఒక బస్సు మారి ఇచ్చోడ పోయి వచ్చాను. వాళ్ల అత్త, "రా బాయి, మీ చెల్లెకు ఏం తక్వ లేదు, మంచిగ తింటున్నది," అంది. తింటూనే ఉంది. కానీ ఆమె చేతులు కిందికి దిగిపోయాయి. ఇదివరకు మాట్లాడితే చేతులు మొహం దాకా, తల పైదాకా లేచేవి. ఇప్పుడు ఒడిలోనే, చీర కుచ్చిళ్ల మీదే కదులుతున్నాయి. గొంతు తగ్గించి మాట్లాడే మనిషిని మీరు చూసి ఉంటారు. అట్లా ఉంది. ఆ రోజంతా నేనే మాట్లాడాను, ఆమె తల ఊపింది. బస్సు ఎక్కేటప్పుడు, ఈ కేసు గెలిచినా గెలవకపోయినా మా చెల్లె మళ్లీ మాట్లాడుతుందా అని ఒక్కటే ఆలోచన.

చివరికి ఒక వాయిదాలో కేసు పిలిచారు. బెంచీ మీద మేడం, ఆమెకు ఇటూ అటూ ఇద్దరు. కంపెనీ వకీలు లేచి, ఫోను లోపల తడి గుర్తు ఎర్రబడిందనీ, వాడినవాళ్లే తడిపారనీ చెప్పాడు. మేడం నన్ను అడిగింది. నేను పీట సంగతి, పసుపు సంగతి, కొబ్బరికాయ, నా కొంగు, అన్నీ చెప్పాను. కొబ్బరికాయ సంగతి చెప్పకుంటే బాగుండేదేమో, కానీ అడిగాక చెప్పకుండా ఎట్లా ఉంటాను.

మేడం కళ్లజోడు సవరించుకుని ఆ సందులోకి చూసింది. వకీలుతో, "మీరే ఒకసారి తుడిచి చూడండి," అంది. ఆయన జేబులోంచి రుమాలు తీసి, మూల మడిచి లోపల తిప్పాడు. రుమాలు ఎర్రబడింది, లోపల గుర్తు తెల్లగా బయటపడింది.

"బొట్టు పెట్టినవాటికి వారంటీ లేదంటే ఈ జిల్లాలో ట్రాక్టర్లకు కూడా ఉండదు," అంది మేడం. అందరూ నవ్వారు. వకీలు కూడా నవ్వి రుమాలు జేబులో పెట్టుకున్నాడు. కానీ వదల్లేదు. "తడి లేకపోవచ్చు మేడం, లోపం కూడా లేదు. మాట స్పష్టంగా వినబడుతోంది. కావాలంటే ల్యాబుకు పంపండి," అన్నాడు. ల్యాబు అంటే మళ్లీ ఎన్ని నెలలో.

మేడం ల్యాబు సంగతి తర్వాత చూద్దామంది. "ఫోను వాడే ఆమె ఎవరు? ఆమెను తీసుకురాగలరా?" అని అడిగింది.

తర్వాతి వాయిదాకు మరిది, మా చెల్లె వచ్చారు. ఆ రోజు ముసురు పట్టింది. తడిసిన చెప్పులతో లోపలికి వచ్చారు. మేడం చెప్పిన ప్రకారం మా చెల్లెను ఆ ఫోనుతో వరండాలో కుర్చీ మీద కూర్చోబెట్టారు, పక్కన ఒక గుమాస్తా. నేను హాలులో మేడం ముందు నా ఫోను పట్టుకుని నిలబడ్డాను. వకీలు నా భుజం మీద నుంచి చూస్తున్నాడు. మరిది వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

మా చెల్లె మొహం వచ్చింది. "తిన్నవా," అంది.

"తిన్న."

చెయ్యి ఊపి పెట్టేయబోయింది. నేను ఆపాను. "పెట్టకు. మాట్లాడు," అన్నాను.

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నల్లగయ్యేదాక మాట్లాడు. అందరు గందుకే కూసున్నరు."

ఆమె వరండాలో ఉన్నవాళ్లను చూసింది, పక్కన గుమాస్తాను చూసింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చుంది. వకీలు గడియారం చూసుకుని, "బాగానే నడుస్తోంది కదా మేడం," అన్నాడు. ఎండాకాలమైతే ఈపాటికి ఎప్పుడో నల్లబడేది. ఆ ముసురుకు ఫోను చల్లగా ఉంది.

"నడవనివ్వండి," అంది మేడం.

అప్పుడు మా చెల్లె మొదలుపెట్టింది. మొదట ఒడిలోనే, చిన్నగా. వాళ్ల ఇంట్లో ఒక ఆవు ఉండేది. దూడగా ఉన్నప్పటి నుంచి ఆమే చూసుకుంది. పిలవడానికి గొంతు లేదు కదా, పాదంతో నేలను కొడితే ఆ అదురుకు అది వచ్చేదట. ఒకరోజు గడ్డి మోపు పట్టుకుని కొట్టంలోకి పోతే గుంజ ఒక్కటే ఉంది, ఆవు లేదు. తాడు తెంపుకుందేమో అనుకుంది. గడ్డి అక్కడే పడేసి వెతకడానికి పోయింది. చేల వెంబడి పోయింది, వాగు దాకా పోయింది, హైవే మీద ఏ లారీ కిందన్నా పడిందేమోనని రోడ్డు పొడుగునా చూసుకుంటూ పోయింది. ఆమె చేతులు లేచాయి. లారీ వచ్చింది, రోడ్డు వచ్చింది, ముల్లు గుచ్చుకున్న కాలు వచ్చింది. తెర పట్టనంతగా చేతులు అటూ ఇటూ పోతున్నాయి. గుమాస్తా కుర్చీ జరుపుకున్నాడు.

కేసు గెలవాలంటే ఆ తెర నల్లబడాలి. నేను నెలల తరబడి నిలబడి బస్సుల్లో తిరిగింది అందుకే. అయినా ఆ సమయంలో, నల్లబడకు, ఇంకొంచెం ఆగు, ఆమెను చెప్పనియ్యి అని ఆ ఫోనుకు లోపల లోపలే మొక్కుకున్నాను.

పొద్దుగూకే వేళకు ఇంటికి తిరిగొస్తే అందరూ అన్నం తింటున్నారట. ఆవు ఏదని అడిగింది, కొమ్ములు చూపి, చేతులు తిప్పి. మరిది అన్నం చేత్తోనే చూపుడువేలి మీద బొటనవేలు రాసి చూపించాడట. పైసలు. అమ్మేశాడన్నమాట.

ఆ గుర్తు ఆమె చూపించగానే వెనక బెంచీ మీద మరిది కదిలాడు. అంత పొడుగు మాటలో ఆయనకు తెలిసింది ఆ ఒక్కటే. లేచి నా దగ్గరికి వచ్చి, "వదినా, పైసలంటుంది. ఏం పైసలు? ఏమంటుంది?" అన్నాడు మెల్లగా.

"ఆగు," అన్నాను.

ఆమె ఇంకేదో చెప్పడానికి చెయ్యి ఎత్తింది. తెర నల్లబడింది.

నా ఫోనులోంచి వాన చప్పుడు వస్తోంది, వరండా రేకుల మీద పడే వాన. వకీలు గొంతు సవరించుకున్నాడు. "ఆడియో ఉంది మేడం," అన్నాడు.

"ఎవరి కోసం?" అంది మేడం.

అంతలో మా చెల్లె గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఫోనును గుమాస్తా చేతిలో పెట్టేసి వచ్చింది. లోపలికి రాకూడదని ఎవరో చెయ్యి అడ్డం పెడితే మేడం ఆపొద్దని సైగ చేసింది. ఆమె ఎవరినీ చూడలేదు, నన్నే చూసింది. అంతమంది ముందు, హాలు మధ్యలో, చేతులు తల పైదాకా ఎత్తి, ఆగిపోయిన దగ్గర నుంచి చెప్పింది.

"నేను ఎతుక్కుంట తిరుగుతుంటె, ఇంట్ల అందరికి తెల్సు."

అంతే ఆమె మాట. చెప్పేసి కొంగుతో మొహం తుడుచుకుంది. వానకు తడిసిందో, ఏడ్చిందో నాకు తెలియలేదు. మేడం కాసేపు ఏదో రాసుకుని, తీర్పు తర్వాత చెబుతామంది.

బస్టాండులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక బెంచీ దొరికితే ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. నాకు ఒళ్లంతా నొప్పులు. మరిది మళ్లీ అడిగాడు. ఈసారి మొత్తం చెప్పాను, ముల్లు సంగతితో సహా.

"రేటు మంచిగ వచ్చిందని అమ్మిన వదినా. చెప్పొద్దని కాదు. ఎట్ల చెప్పాలె?"

"అడిగితే ఆమే చూపెట్టేది గదా, ఎట్ల చెప్పాలెనో."

"ఆవును ఎట్ల అంటరు?"

"నన్నెందుకు అడుగుతవ్. పక్కనే ఉన్నది, ఆమెనే అడుగు."

ఆయన ఆమె వైపు తిరిగి, రెండు వేళ్లు నెత్తి మీద పెట్టుకుని, సిగ్గుపడి తీసేశాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని వేళ్లు సరిచేసింది. బర్రెకు వేళ్లు వెనక్కి వంగాలి, ఆవుకు నిటారుగా ఉండాలి. ఆయన పెట్టింది బర్రె. ఆమె మొహంలో నవ్వు లేదు, కోపం కూడా పూర్తిగా పోలేదు. వేళ్లు మాత్రం సరిచేసింది. నా బస్సు వస్తే నేను లేచాను.

తీర్పు మాకే అనుకూలంగా వచ్చింది. కొత్త ఫోను ఇవ్వాలి, లేదంటే డబ్బు తిరిగివ్వాలి, తిరిగినందుకు ఖర్చులు కూడా ఇవ్వాలి అన్నారు. చెప్పగానే ఇచ్చేస్తారనుకున్నాను. దానికీ మళ్లీ తిరగాల్సి వచ్చింది, మళ్లీ ఒక కాగితం పెట్టాల్సి వచ్చింది. గెలిచినవాళ్లకు కూడా ఇన్ని బస్సులు ఉంటాయని ఆపా నాకు చెప్పలేదు. చివరికి దుకాణాయనే ఫోను చేసి, వచ్చింది, తీసుకుపొమ్మన్నాడు. డబ్బా చేతికిస్తూ, "ఇంక నన్ను యాద్ చెయ్యకు చెల్లె," అన్నాడు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం చాట పక్కన పెడుతున్నాను. బీడీలు తక్కువవుతున్నాయి, మా అత్త గొణుగుడు మళ్లీ మొదలైంది. కొత్త ఫోను వేడెక్కినా బొమ్మ పోదు. మా చెల్లె అంతా మాట్లాడుతుందని చెప్పను. కొన్ని రోజులు "తిన్నవా" దగ్గరే ఆగిపోతుంది. ఆ ఇల్లు అదే ఇల్లు, వాళ్ల అత్త ఇంకా నోరు పెద్దగానే తెరుస్తుంది. మొన్న మాత్రం ఫోను ఎత్తగానే, తిన్నావా అని అడగకుండా, చేతులు పైకెత్తి చెప్పింది.

"రేపు కరెంటు ఉండదంట."

"ఎవలు చెప్పిన్రు?"

బాపుకు చేసినట్టు తువ్వాల సర్దుకోవడం కాదు, వేరే గుర్తు, మరిదికి ఆమె కొత్తగా పెట్టింది. దూది పీకినట్టు. "ఆయనే. తిన్నంక చెప్పిండు. వేళ్లు సక్కగ పెట్టడు, దీపం అనబోయి గుడ్డు అన్నడు. నాకే సమజైంది."

"అయితె నీళ్లు పట్టి పెట్టుకో," అన్నాను.

"ఎప్పుడో పట్టిన," అంది.